ఒడ్డున జనం వద్దన్న షరతు

సినిమా అయిపోయాక తెర మీద పేర్లు పడుతుంటాయి. అందులో నా పేరు వచ్చేసరికి జనం సీటు కింద కాళ్లతో చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఇదే వరస. మా ఆవిడ ఒక్కతే ఆఖరిదాకా కూర్చుని, పేరు కనిపించగానే పక్కవాళ్లకి చూపించేది. ఆ పక్కవాళ్లు అప్పటికి మెట్ల మీద ఉండేవారు.

నేను లొకేషన్ మేనేజరుగా పనిచేశాను. మాది బొబ్బిలి. మా నాన్న వీణలు చేసేవారు. పనసదుంగ చూసి ఇందులో వీణ ఉందో లేదో చెప్పగలిగిన మనిషి, నన్ను చూసి మాత్రం ఇందులో ఏమీ లేదని తేల్చేశారు. అలా సినిమావాళ్ల వెంట పడ్డాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ కంపెనీ షూటింగుకి వచ్చినా ఊరు చూపించడం, ఊళ్లోవాళ్లని ఒప్పించడం, పడవలూ బళ్లూ మనుషులూ సమకూర్చడం, వాళ్లు వెళ్లిపోయాక ఊరివాళ్ల తిట్లు తినడం నా పని.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. మంచిదే. వాళ్ల దగ్గర గాల్లో ఎగిరే కెమెరాలున్నాయి. ఒక గంటలో ఊరంతా పైనుంచి ఫొటోలు తీసి డైరెక్టరుకి పంపేస్తారు. పైనుంచి చూస్తే ఇళ్ల కప్పులు కనిపిస్తాయి గానీ ఆ కప్పుల కింద ఏం జరుగుతోందో కనిపించదు. మొన్న ఒక అమ్మాయి నన్ను అడిగింది, మీరు నేర్చుకున్నది ఏమన్నా రాసిపెట్టండి బాబాయ్ అని. రాస్తున్నాను. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు. నేను తప్పు చేసినవే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే సరిగ్గా చేసినవి నాకు పెద్దగా గుర్తులేవు.

సన్నాయి ఆపించిన ఇల్లు

నాకు పని నేర్పినాయన గవర్రాజు గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆయన ఏ ఊళ్లో దిగినా ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఈ నెలలో ఇక్కడ ఎవరు పోయారు? నాకు అది అశుభంగా తోచేది. మేం పెళ్లిళ్లూ పాటలూ తీయడానికి వస్తే ఈయన చావుల లెక్క అడుగుతాడేమిటని లోపల నవ్వుకునేవాణ్ని.

రామతీర్థం దగ్గర ఒక ఊళ్లో పెళ్లి ఊరేగింపు తీయాలి. గవర్రాజు గారికి జ్వరం, నన్ను ముందు పంపారు. వీధి బాగుంది, వెలుతురు బాగుంది, ఊరి పెద్ద సరేనన్నాడు. నేను ఆయన ప్రశ్న అడగలేదు. మర్నాడు సన్నాయి మొదటి ఊపిరి తీసిందో లేదో, మూడో ఇంట్లోంచి ఒక ముసలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ ఇంట్లో మనిషి పోయి ఎనిమిదో రోజు.

గవర్రాజు గారు జ్వరంతోనే వచ్చి అన్నీ ఆపించారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ ఇంటికి వెళ్లి కూర్చోమన్నారు. ఏం చెప్పమంటారు అని అడిగితే, ఏమీ చెప్పకు, ఊరికే కూర్చో అన్నారు. రెండు గంటలు అరుగు మీద కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడుగు రెండు గంటలు మళ్లీ చూడలేదు. చివరికి ఆవిడే టీ పంపి, మా ఆయనకి సన్నాయంటే పేణం బాబూ, పన్నెండో రోజు పోయాక మా ఇంటి ముందే వాయించండి అంది. అలాగే చేశాం. ప్రొడ్యూసరు గోల పెట్టాడు. గవర్రాజు గారు ఆయన మాట వింటూ తల ఊపుతూ, తాను చేయదలచుకున్నదే చేశారు. ఈ విద్య కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, పెళ్లయ్యాక బాగా పనికొచ్చింది.

నాటిన ఆకు పీకరు

ఇంకొక సినిమాలో వరి నాట్లు. మా వైపు ఉభాలు అంటాం. హైదరాబాదు నుంచి వచ్చిన డైరెక్టరు జూనియర్ ఆర్టిస్టులు వద్దు, అసలైన ఆడకూలీలే కావాలన్నాడు. ముప్పైమందిని తీసుకొచ్చాను. ఎకరం మడి, పాట, వంగిన నడుములు. చూడముచ్చటగా ఉంది. కెమెరా అద్దం మీద నీళ్లు పడ్డాయని డైరెక్టరు కట్ అన్నాడు. ఆయన కట్ అన్నాడు గానీ వాళ్లు ఆపలేదు. ఆపడమేమిటి? మడిలో దిగాక నాటడమే. కెమెరా తుడుచుకుని వీళ్లు తిరిగేసరికి సగం మడి అయిపోయింది. రెండో టేకుకి మొత్తం అయిపోయింది.

డైరెక్టరు నాతో, నాటిన నారు పీకి మళ్లీ నాటమనండి అన్నాడు. నేను ఆ మాట చెప్పాను. ముప్పైమందీ గట్టు మీద కూర్చుని నన్ను చూశారు. వాళ్లలో పెద్దావిడ అంది, "నాటిన ఆకు పీకుతారేటి బాబూ? నీకు బుద్ధుందేటి?"

నాకు బుద్ధి లేదని యూనిట్ మొత్తానికీ తెలిసింది. వేరే రైతుని బతిమాలి వేరే మడి తీసుకున్నాం. ఈసారి కెమెరాయే వాళ్ల వేగానికి తగ్గట్టు నడిచింది. ఆ సీను బాగా వచ్చిందని పత్రికల్లో రాశారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా వైపు మనుషుల్ని నటించమంటే నటించరు. పని చేస్తారు. చెయ్యమన్నది నిజంగానే చేసేస్తారు. ఇది తెలుసుకున్నానని నేను చాలా ఏళ్లు గర్వపడ్డాను. నా ఆఖరి సినిమాలో దాన్నే మరిచిపోయాను.

డ్రిల్లు టీచరమ్మ

ఆ సినిమా ఒక ఈతగత్తె మీద. మన జిల్లాల్లో సముద్రంలో దూరం ఈదిన మొదటి ఆడమనిషి. ఆవిడ పేరు నూకరత్నం. వంశధార ఒడ్డున ఒక రైతుకుటుంబంలో పుట్టింది. తల్లి చిన్నప్పుడే పోతే అన్నగారి భార్య పెంచింది. ఏరు దాటి బడికి వెళ్లడం కోసం నేర్చుకున్న ఈత, ఆవిడని సముద్రం దాకా తీసుకెళ్లింది. తర్వాత డ్రిల్లు టీచరుగా ఉద్యోగం చేసి, కొన్ని వందల మంది ఆడపిల్లలకి ఈత నేర్పింది. నేను వెళ్లేసరికి డెబ్బై దాటినావిడ, పొందూరు ఖద్దరు చీర కట్టుకుని, ఏట్లో నడుంలోతు నీళ్లలో నిలబడి ఒక పిల్లని తిడుతోంది. కాలు తన్నమంటే కప్పలాగ ముడుస్తావేటే అని.

యాభై ఏళ్ల కిందటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. భావనపాడు నుంచి కళింగపట్నం దాకా ఈదాలి. వెంట ఒక పడవ, పడవలో గడియారం పట్టుకుని ఒక పరిశీలకుడు. ఆ ఈత నెగ్గితే విదేశంలో జరిగే పెద్ద ఈతకి ఆవిడని పంపిస్తారు. తెల్లవారకముందు దిగి, సాయంత్రానికి కళింగపట్నం ఒడ్డు చేరింది. కానీ గడువు కొద్దిలో దాటిపోయిందని ఆ పరిశీలకుడు చెప్పాడు. ఆ పెద్ద ఈతకి ఇంకొకరు వెళ్లారు. రత్నమ్మ గారు ఆ తర్వాత ఎన్నో ఈదారు, ఎన్నో గెలిచారు గానీ ఆ విదేశపు నీళ్లు మాత్రం చూడలేదు.

దీనికి రత్నమ్మ గారు బాధపడినట్టు నాకు కనిపించలేదు. బాధంతా ఆవిడ వదిన గారిది. పేరు అప్పలనర్సమ్మ. ఎనభై దాటిన మనిషి, కంచులాంటి గొంతు. నేను వాళ్లింట్లో టీ తాగుతున్నంతసేపూ ఆవిడ అల్లం దంచుతూ ఆ పరిశీలకుణ్ని శపిస్తూనే ఉంది. ఆ గడియారం వోడి సెయ్యి పడిపోను, ఆడి కళ్లల్లో ఇసక పొయ్య, నా గుంట పదేళ్ల కష్టం రెండు నిమిషాల్లో మింగేసినాడు అని. గుంట అంటే మా వైపు పిల్ల. రోజూ ఇంతేనట. అల్లం దంచేటప్పుడొకసారి, దీపం పెట్టేటప్పుడొకసారి. ఆ దెబ్బకి గడియారం వాడు ఎక్కడున్నా తుమ్ముతూనే ఉండి ఉంటాడని నేను నవ్వాను. రత్నమ్మ గారు నవ్వలేదు.

సినిమాకి ఆవిడ ఒప్పుకున్నారు. ఒకే ఒక షరతు పెట్టారు. "ఆఖర్న ఒడ్డు మీద జనం ఉండకూడదు బాబూ. నాను ఒక్కదాన్నీ నడిసొచ్చినట్టు తియ్యండి."

సరేనన్నాను. ఎందుకు అని అడగలేదు. ముసలాళ్లకి ఏవో పట్టింపులుంటాయి అనుకున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ఎవరైనా షరతు పెడితే సరే అనే ముందు ఎందుకని అడగండి. ఆ షరతు వెనక రత్నమ్మ గారు తన వదిన నుంచి యాభై ఏళ్లుగా దాచిన మాట ఒకటుంది. అది బయటపడితే, తనని కన్నతల్లిలా పెంచిన మనిషి ఈ వయసులో కుమిలిపోతుందని ఆవిడ భయం. ఆ భయాన్ని నా చేతిలో పెడితే, నేను దాన్ని పట్టింపు అనుకుని జేబులో వేసుకున్నాను.

మా డైరెక్టరు గుంటూరు వైపు అమ్మాయి. తెలివైనది, పనిరాక్షసి. యూనిట్లో అందరం డైరెక్టరమ్మ అనేవాళ్లం. షరతు చెబితే తల పట్టుకుంది. ఒక ఆడపిల్ల రోజంతా ఈదివస్తే ఒడ్డు మీద ఒక్క మనిషీ లేకపోవడం ఎలా కుదురుతుందండీ, చూసేవాళ్లు నవ్వుతారు అంది. రెండొందల మంది కావాలంది. నేను బేరమాడి యాభైకి దింపాను. అలా దింపినందుకు షరతులో ముప్పాతిక భాగం నెరవేర్చానని నాకు నేను చెప్పుకున్నాను. నాకంటే ఘనుడు ఉంటాడా?

పైగా ఆ యాభైమంది ఆడవాళ్లనీ ఎక్కడినుంచి తెచ్చాను? రత్నమ్మ గారి ఊరినుంచే. అసలైన మనుషులుంటే కళ ఉంటుందని నా అనుభవం చెప్పింది. ఆ అనుభవమే నన్ను ముంచింది.

మొదట్నుంచీ ఉన్న నియమం

కళింగపట్నంలో ఆ రోజు గాలి బాగుంది, అలలు మరీ పెద్దవి కావు. ఐస్‌క్రీం బళ్లవాళ్లని బతిమాలి అవతలికి పంపాను. సిమెంటు బెంచీలు తాటాకులతో కప్పించాను. ఊరినుంచి బస్సు వచ్చింది. అందులోంచి ముందుగా దిగింది అప్పలనర్సమ్మ గారే. నా గుంట కథలో నాను నేకపోతే ఎలాగ అని పెత్తనం చేసి మరీ ఎక్కిందట. ఆవిడ వెనక రత్నమ్మ గారు. పొద్దున్నే విషయం తెలిసి, వదినని ఆపలేక, కాపలాకి తానూ వచ్చారు.

రత్నమ్మ గారు నా దగ్గరికి వచ్చి, జనం వద్దన్నాను గదా బాబూ అన్నారు. కొద్దిమందే అమ్మా అన్నాను. ఆవిడ వెళ్లి గొడుగు కింద కుర్చీలో కూర్చున్నారు. ఆ మొహం చూసైనా నేను ఆగవలసింది.

సీను ఇదీ. రత్నమ్మ వేషం వేసిన నటి, ఒళ్లంతా నూనె పూసుకుని, అలల్లోంచి ఈదుకుంటూ రావాలి. లేచి నిలబడి, తూలుతూ, తనంతట తాను పొడి ఇసుక మీదకి నడవాలి. అప్పుడు ఆడవాళ్లంతా చుట్టుముట్టాలి. వదిన వేషం వేసిన ఇంకొక అమ్మాయి పొడిచీర కప్పాలి.

మొదటి టేకు. నటి తల అలల్లో కనిపించిందో లేదో, యాభైమందీ చీరలు ఎగదోపుకుని నీళ్లలోకి పరిగెత్తారు. నడుంలోతుకి వెళ్లి, ఆ పిల్లని చేతులు పట్టి లాక్కొచ్చి ఒడ్డున పడేశారు. నటికి ఏం జరిగిందో అర్థం కాలేదు.

బయటకి వచ్చాకే పట్టుకోండమ్మా అని చెప్పాం. సరేనన్నారు. రెండో టేకులోనూ అదే. మూడో టేకులో ఇరవైమంది ఆగారు గానీ ముప్పైమంది ఆగలేదు. డైరెక్టరమ్మ కళ్లనీళ్ల పర్యంతమైంది. తప్పు వాళ్లది కాదు. వాళ్లది ఏటిఒడ్డు ఊరు. పనులకి అవతలిగట్టుకి వెళ్లి, సాయంత్రం నీళ్లలో నడుచుకుంటూ వస్తారు. ముందు గట్టెక్కినవాళ్లు వెనక వచ్చేవాళ్లకి చెయ్యి అందించాలి. ఆఖరి మనిషి గట్టెక్కేదాకా ఎవరూ ఇంటికి పోరు. అది వాళ్ల తాతలనాటి పద్ధతి. నీళ్లలోంచి వచ్చే మనిషిని చూస్తూ నిలబడడం వాళ్ల ఒంట్లో లేదు. ఉభాల మడిగట్టు మీద నేను నేర్చుకున్న పాఠం ఇదే కదా. అయినా నాకు గుర్తురాలేదు.

వీళ్లకి కారణం చెబితే వింటారు అనుకున్నాను. మైకు తీసుకున్నాను. నేను మా యాస మాట్లాడితే వాళ్లకి బాగా ఎక్కుతుందని నా నమ్మకం.

"అమ్మా, అందరూ ఇనండి. ఇది ఈతల్లో నియమం. ఈదినోలు తమ కాళ్ల మీద తాము పొడి ఇసకలోకి వచ్చీవరకు ఎవలి సెయ్యీ తగలకూడదు. ఏలు తగిలినా సరే, అప్పటిదాకా ఈదిందంతా పోయినట్టే."

గుంపులోంచి ఒకావిడ, ఇదెక్కడి నియమం బాబూ, ములిగిపోతే కూడా సూస్తూ నిలబడాలేటి అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డ అప్పలనర్సమ్మ గారు అడిగారు.

"ఈ నియమం ఎప్పట్నుంచి ఉన్నాది?"

"మొదట్నుంచీ ఉన్నాదమ్మా," అన్నాను. అన్నీ తెలిసినవాడిలా.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నేను మందు వేసింది వేరేవాళ్ల నాలుకకి. ఆవిడ నీళ్లలోంచి బయటకి వచ్చి, తిన్నగా గొడుగు దగ్గరికి నడిచారు. రత్నమ్మ గారు అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. ఆవిడ మొహంలో రంగు లేదు. నాకు అప్పుడు తెలిసింది, నేను ఏదో పెద్ద తప్పు చేశానని. ఏమిటన్నది మాత్రం ఇంకా తెలియదు.

"ఒసే రత్నం. ఆ రోజు నాను పట్టుకున్నప్పుడు నీ కాళ్ల కింద పొడి ఇసకున్నాదేటే?"

రత్నమ్మ గారు నెమ్మదిగా, "నేదు వొదినా," అన్నారు. "నీళ్లున్నాయి."

"మరి గడియారం?"

"గడియారంలో ఇంకా సానా టైమున్నాది."

అప్పలనర్సమ్మ గారు ఇసుకలో కూర్చుండిపోయారు. ఎనభై ఏళ్ల మనిషి, గుండెకేమన్నా అయితే ఆ పాపం నాది, నా మైకుది. డైరెక్టరమ్మ నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అప్పలనర్సమ్మ గారు సీసా పక్కకి నెట్టేశారు. ఆవిడ అడిగిన మొదటి మాట మేం ఎవరమూ అనుకోనిది.

"అయితే ఆ బాబుని ఇన్నేళ్లూ ఊరికే తిట్టినానేటే?"

రత్నమ్మ గారు నవ్వబోయి ఏడ్చారు. ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు చెప్పారు. అలల్లో తల కనిపించగానే వదిన పొడిచీర పట్టుకుని నడుంలోతుకి వచ్చేసి, చెయ్యి పట్టుకుని లాగేసింది. పడవలో పరిశీలకుడు అది చూశాడు. ఒడ్డుకి వచ్చాక రత్నమ్మని పక్కకి పిలిచి, ఏం రాయమంటావమ్మా అని అడిగాడు. ఉన్నది కాగితం మీద రాసుకోండి, మా వాళ్లతో మాత్రం గడువు దాటిందని చెప్పండి అని ఆవిడ బతిమాలింది. ఆయన ఒప్పుకున్నాడు. తిట్లు నాకే రానీ తల్లీ, నేను రేపు రైలెక్కి పోయేవాణ్ని, నువ్వు ఆ ఇంట్లోనే ఉండాలి అన్నాడట. నా అనుభవంలో నేను చాలామంది పెద్దమనుషుల్ని చూశాను. నేను చూడని ఆ గడియారం ఆయనకి మాత్రం ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నేను రత్నమ్మ గారి ముందు నిలబడి, తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆవిడ కోపంగానే చూశారు. ఎందుకని అడిగుంటే సెప్పీదాన్నేమో గదా బాబూ, నువ్వు అడగనేదు అన్నారు. అంతే అన్నారు. గవర్రాజు గారు బతికుంటే నన్ను ఏ అరుగు మీద కూర్చోబెట్టేవారో నాకు తెలుసు. నేను ఆవిడ కుర్చీ పక్కనే ఇసుకలో కూర్చున్నాను.

డైరెక్టరమ్మ చాలాసేపు తటపటాయించి, ఇలాగే తీయవచ్చా అమ్మా అని అడిగింది. రత్నమ్మ గారు వదిన వైపు చూపించారు, నన్ను కాదు ఆవిడని అడగండి అని. అప్పలనర్సమ్మ గారు ముక్కు చీదుకుని, చీర దులుపుకుని లేచారు.

"తియ్యి. జరిగింది జరిగినట్టు తియ్యి. కానీ సినిమాలో నన్ను ఏడిపించీకు. నాను ఆ రోజు నవ్వినాను. గుంట బతికొచ్చినాది, ఏడుస్తానేటి?"

ఇంక అక్కడినుంచి షూటింగు ఆవిడదే. వదిన వేషం వేసిన అమ్మాయిని పిలిచి, అలాక్కాదమ్మా, ఒంటికి నూనె ఉంటాది, వేళ్లు పట్టుకుంటే జారిపోద్ది, మణికట్టు పట్టుకోవాల అని నేర్పారు. చీర ఎంత పైకి దోపాలో చూపించారు. నవ్వు చాల్లేదని రెండుసార్లు నవ్వించారు. ఆడవాళ్లకి డైరెక్టరమ్మ మైకులో ఒకే మాట చెప్పింది, మీరు మామూలుగా ఏం చేస్తారో అదే చెయ్యండి అని. షాటు ఒక్క టేకులో అయిపోయింది. డైరెక్టరమ్మ కట్ అన్నాక కూడా ఆడవాళ్లు ఆ నటిని వదల్లేదు. ఒకావిడ తల తుడుస్తోంది, ఒకావిడ వీపు రుద్దుతోంది. ఆ పిల్ల ఎక్కడో బొంబాయిలో పుట్టింది. నాకు మా అమ్మ గుర్తొస్తోంది అంకుల్ అంది.

ఈ వృత్తిలో ఏం సంపాదించావని మా నాన్న బతికుండగా అడిగేవారు. ఆ రోజు సాయంత్రం అడిగి ఉంటే, ఇదిగో ఈ ఒడ్డు చూడండి అని చూపించేవాణ్ని. కానీ అది నా గొప్ప కాదు. నా తప్పు వల్ల జరిగింది, వాళ్ల మంచితనం వల్ల బాగుపడింది. ప్రతిసారీ ఇలా బాగుపడుతుందని అనుకోకండి. నాకు అదృష్టం బాగుంది.

తిరుగు దారిలో

బస్సు ముందే వెళ్లిపోయింది. వాళ్లిద్దరినీ వ్యానులో నేనే ఇంటికి దింపాను. నేను ముందు సీట్లో, వాళ్లు వెనక. అప్పటిదాకా అంత సందడి చేసిన అప్పలనర్సమ్మ గారు వ్యాన్ ఎక్కాక ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. ఈ మౌనం మంచిది కాదని నాకు లోపల గుబులుగా ఉంది. పగలంతా జనం మధ్య నవ్వేసినా, ఇప్పుడు ఒక్కతే అయ్యాక ఆ విదేశపు ఈత, ఆ పదేళ్ల కష్టం ఆవిడకి గుర్తొస్తున్నాయేమో అనిపించింది. రత్నమ్మ గారికీ అదే భయం కాబోలు, వదిన మొహమే చూస్తున్నారు.

ఏటి వంతెన ఎక్కాక ఆవిడ నోరు తెరిచారు. గొంతులో కోపం లేదు.

"ఇన్నేళ్లూ నాతో ఎందుకు సెప్పనేదే?"

రత్నమ్మ గారు కిందకి చూశారు. వంతెన కింద ఏరు నిండుగా పోతోంది.

"సెప్తే, మళ్లీ ఎప్పుడైనా నాను ములిగిపోతంటే, పట్టుకోవాలా వద్దా అని నువ్వు ఒక్క నిమిషం ఆలోసిస్తావని వొదినా."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఊరు వచ్చాక దిగి తలుపు తీశాను. అప్పలనర్సమ్మ గారు కూతురిలా పెంచిన ఆ ఆడపడుచు మణికట్టు పట్టుకుని ఉన్నారు. రత్నమ్మ గారు కాలు కింద పెట్టి, నేల మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడేదాకా ఆవిడ ఆ పట్టు వదల్లేదు.